గోడలు మిగిలాయి, ఊరు పోయింది

గండికోట చూడవచ్చే దూరప్రాంతాల వాళ్ళు ఎర్రగుంట్లలోనో ముద్దనూరులోనో రైలు దిగుతారు. కొండెక్కి, పెన్న గండి అంచున నిలబడి, ఎర్రరాతిని నిలువునా కోసుకుంటూ పారే నదిని చూస్తారు. ఫోటోలు తీసుకుని పొద్దుగూకేలోగా దిగిపోతారు. ఆ లోయ అందం ముందు మిగతాదేదీ కంటికి ఆనదు. కానీ ఒక్కసారి లోయకు వీపు తిప్పి నిలబడితే కనిపించేవి వేరే. ధాన్యపు కొట్టు, జుమ్మా మసీదు, రంగనాయకుల గుడి, మాధవరాయల గుడి, రాయల చెరువు, కత్తుల కోనేరు, చెరసాల, పావురాల గోపురం. వీటన్నిటినీ చుట్టి దాదాపు ఎనిమిది కిలోమీటర్ల ప్రహరీ గోడ. ఒక దండు దిగడానికి ఇన్ని అక్కర్లేదు. ఇవి సంసారాలు చేసుకుని, కొని, అమ్మి, మొక్కి, తగువులాడుకుని, పెళ్ళిళ్ళు చేసుకుని బతికిన జనం కట్టుకున్నవి. అక్కడ ఒక పేట ఉండేది. ఆ పేట కథ ఇది.

గండికోట పతనాన్ని మన సీమలో చాలామంది చాలా రకాలుగా చెప్పారు. అందరి కథల్లోనూ ఒక వీరుడు, ఒక ద్రోహి, ఒక విషపు గిన్నె ఉంటాయి. ఆ కథ అవసరమే, నేనూ చెబుతాను. అయితే రాజు చచ్చిన రోజుతో ఊరు చావదు. గండికోట గోడలు ఈనాటికీ చాలా మేరకు నిలిచే ఉన్నాయి. బురుజులు పడలేదు. ఫిరంగి గుండ్లకు కూలని చోట, అంత పెద్ద ఊరు ఎలా పోయింది? ఆ ప్రశ్న ఎవరూ గట్టిగా అడగలేదనిపిస్తుంది.

పెన్న కన్నడ దేశంలోని నందికొండల్లో పుట్టి, అనంతపురం సీమను దాటి, ఎర్రమల కొండలకు ఎదురుపడి, వాటిని చీల్చుకుని జమ్మలమడుగు మైదానంలోకి దిగుతుంది. చీల్చుకున్న ఆ చోటున కుడి గట్టు కొండ మీద గండికోట. ఒకవైపు వందల అడుగుల లోతున నది. ఆ వైపు గోడ కట్టే పనే ప్రకృతి మిగల్చలేదు. మిగతా వైపుల ఎర్ర ఇసుకరాతి దిమ్మెలతో గోడ లేపారు. 12వ శతాబ్దంలో, 1123లో, పక్కనున్న బొమ్మనపల్లె వాడైన కాకరాజు ఇక్కడ మొదట మట్టికోట కట్టాడని స్థలకథనం చెబుతుంది. అది రాతికోటగా పెరిగిందీ, దాని పేరు దేశం మీద వినబడిందీ విజయనగరం కాలంలో, పెమ్మసాని నాయకుల ఏలుబడిలో. రాయవాచకంలో కృష్ణదేవరాయల దండులో ముందు నడిచే పెమ్మసాని రామలింగ నాయుడు ఈ ఇంటివాడే.

వాన తక్కువ సీమలో కొండ మీద ఊరు బతకాలంటే మొట్టమొదట నీళ్ళు కావాలి. గండికోటకు ఆ అదృష్టం ఉంది. కొండ మీదే ఊటలున్నాయి. చెరువు తవ్వారు, తోటలు పెంచారు. 1652లో ఇక్కడికి వచ్చిన ఫ్రెంచి నగల వర్తకుడు టావెర్నియర్, కొండ మీద ఒక చిన్న మైదానముందనీ, ఊటల నీళ్ళతో అక్కడ వరీ చిరుధాన్యాలూ పండుతాయనీ రాసుకున్నాడు. పైకి వచ్చే దారిని కొండ పక్కన చెక్కారనీ, అది కొన్నిచోట్ల ఏడెనిమిది అడుగుల వెడల్పు మాత్రమే ఉంటుందనీ కూడా రాశాడు. ఒక పక్క కొండ, మరో పక్క అగాధం. కొండ మీదికి రావలసిన సరుకంతా ఆ ఇరుకు దారినే రావాలి. ఉప్పు, బెల్లం, ఇనుము, గుర్రాలు, బట్టలు, వడ్లు, జొన్నలు, సజ్జలు, కొర్రలు, అన్నీ.

ధాన్యపు కొట్టును చూడండి. ఎత్తైన కమాను కప్పు, మందపాటి గోడలు. కోట దండుకు తిండి దాచుకోవడానికే అంత కట్టడం కట్టారని మామూలుగా అంటారు. ముట్టడి వస్తే అది నిజంగా ప్రాణం నిలిపేదే. కానీ ధాన్యం తనంతట తాను కొట్టులోకి నడిచిరాదు. కింద నల్లరేగడి పొలాల్లో పండించే రైతు ఉండాలి, ఎత్తే కూలీ ఉండాలి, కొలిచే మనిషి ఉండాలి, లెక్క రాసే కరణం ఉండాలి, అప్పిచ్చే కోమటి ఉండాలి. ఆ కొట్టు నిండిందంటే వాళ్ళందరూ ఆ కొండ మీదో దాని కిందో బతుకుతున్నారని అర్థం. గుడి ఉందంటే అర్చకుడు, పూలవాడు, మేళగాడు, నూనె పోసే గానుగవాడు ఉన్నారని అర్థం. గోడ ఉందంటే ఉప్పరులూ, రాతిపని వాళ్ళూ, కమ్మరులూ ఉన్నారని అర్థం. ఆ మనుషుల పేర్లు శాసనాలకు ఎక్కలేదు. వాళ్ళ సాక్ష్యమంతా వాళ్ళ చేతిపనే.

మాధవరాయల గుడి గోపురాన్ని దగ్గరగా చూసినవాళ్ళకు ఆ చేతిపని తెలుస్తుంది. నాలుగు అంతస్తులు, స్తంభాల మీద నర్తకులు, ఏనుగులు, వీరులు. ధాన్యపు కొట్టుకు పక్కనే జుమ్మా మసీదు, దాని రెండు మినార్లు. గుడీ మసీదూ ఒక్క కేకేస్తే వినపడేంత దూరం. మసీదు గోల్కొండ ఏలుబడి గుర్తు. గుడి దానికంటే ముందుది. ఏలినవాళ్ళు మారినా ఊరు ఒకటే కనుక, ఒకరి కట్టడం పక్కనే మరొకరు కట్టుకున్నారు.

1565లో రాక్షసి తంగడి యుద్ధం తర్వాత విజయనగరం కూలింది. రాజధాని పెనుకొండకు, అక్కడి నుంచి చంద్రగిరికి, వెల్లూరుకు తరలింది. రాజధాని దూరమైన కొద్దీ గండికోట భారం పెరిగింది. ఉత్తరం నుంచి గోల్కొండ దండు దక్షిణానికి దిగాలంటే పెన్న లోయను దాటాలి. ఆ దారికి తాళం వేసి కూర్చున్నది ఈ కోట. 16వ శతాబ్దం చివరలో గోల్కొండ సేనలు దీన్ని ఒకసారి పట్టుకున్నాయి, మళ్ళీ విజయనగరం వైపుకు వచ్చింది. ఆ తర్వాత అరవై ఏళ్ళు పెమ్మసాని వారి చేతుల్లోనే నిలిచింది. చుట్టూ సామ్రాజ్యం విడిపోతున్నా ఈ కొండ మీద దీపం వెలుగుతూనే ఉంది. అది చిన్న సంగతి కాదు.

ఆ దీపాన్ని ఆర్పడానికి వచ్చినవాడు పుట్టుకతో సైనికుడు కాదు. మీర్ మహమ్మద్ సయీద్, పర్షియాలో అర్దెస్తాన్ అనే ఊరి వాడు. పేదరికంలో పుట్టి, గుర్రాల వర్తకుల వెంట గోల్కొండకు చేరి, వజ్రాల వ్యాపారంలో కుబేరుడై, సుల్తాన్ అబ్దుల్లా కుతుబ్ షా కొలువులో మీర్ జుమ్లా అయ్యాడు. కృష్ణా తీరాన కొల్లూరు గనుల వజ్రాలు, సముద్రం మీద అతని సొంత ఓడలు, సొంత దండు, సొంత ఫిరంగులు. 1640ల్లో అతను తూర్పు తీరం వెంట దక్షిణానికి దిగాడు. ఉదయగిరి పడింది, తిరుపతి, చంద్రగిరి సీమలు పడ్డాయి. మన సీమలో మిగిలిన పెద్ద తాళం గండికోటే.

ముట్టడి మూడు నెలలు సాగిందని టావెర్నియర్ విన్నాడు. డచ్చి వాళ్ళ కొలువు వదిలివచ్చిన కొందరు ఫ్రెంచి వాళ్ళు, మరికొందరు ఇంగ్లీషు, డచ్చి, ఇటలీ ఫిరంగి వాళ్ళు లేకపోతే ఆ కోట చిక్కేదే కాదని కూడా అతను రాశాడు. ఆ సంవత్సరం మీద లెక్కలు కలవవు. చరిత్రకారులు ఎక్కువగా 1650 అంటారు. టావెర్నియర్ మాత్రం తాను 1652 సెప్టెంబరులో వచ్చేనాటికి కోట వశమై ఎనిమిది రోజులే అయిందంటాడు. ఏడాది ఏదైనా ఆ మూడు నెలలు కొండ మీది పేటకు ఎలా గడిచాయో ఊహించడం కష్టం కాదు. దారి మూసుకుపోయింది. కింది పొలాల జొన్న కిందే ఉంది. కొట్టులో ఉన్నది తరుగుతూ వచ్చింది. సంత లేదు, అమ్మకం లేదు. ఊటల నీళ్ళు మాత్రం ఎప్పటిలానే ఊరుతూ ఉన్నాయి.

ఇక్కడికి వచ్చేసరికి చరిత్ర నుంచి పక్కకు జరిగి జనం చెప్పుకునే కథలోకి వస్తాం. గండికోట నాయకుడు చిన్న తిమ్మానాయుడు. అతని దగ్గర మంత్రిగా ఉన్నవాడు పొదిలి లింగన్న. ముట్టడి సాగుతూ మనుషులు పోతుండగా, కోట ఇచ్చేస్తే బదులుగా గుత్తి కోటను ఇస్తానని మీర్ జుమ్లా కబురు పంపాడట. లింగన్న ఒప్పించాడట. తీరా సన్నదు చేతికి వచ్చి చదివితే అందులో గుత్తి లేదు, హనుమనగుత్తి ఉంది. గుత్తి దేశమంతా పేరు తెలిసిన కొండకోట. హనుమనగుత్తి మన ఎర్రగుంట్ల పక్కనున్న ఒక పల్లె. మోసం తెలిసిన తిమ్మానాయుడు ఆ కాగితాన్ని తిరస్కరించాడు. చివరికి విషంతో అతని ప్రాణం పోయిందంటారు. పసివాడైన కొడుకును నమ్మకస్తులు దూరదేశానికి తప్పించారంటారు.

ఈ కథలో ఎంత నిజమో ఎవరూ తేల్చలేదు. 1800 తర్వాత ఇంగ్లీషు కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి కరణాల దగ్గర రాయించిన కైఫీయతుల్లో గండికోట కైఫీయతు ఒకటి. అప్పటికి పతనం జరిగి నూట యాభై ఏళ్ళు దాటింది. ఆ నూట యాభై ఏళ్ళూ జనం నోళ్ళలో కథ పెరిగి ఉంటుంది. అయినా ఆ కథ ఎందుకు నిలిచిందో నాకు అర్థమవుతుంది. మూడు నెలలు ఆకలికీ ఫిరంగులకూ తట్టుకుని నిలిచిన ఊరు, చివరికి ఒక కాగితంలోని ఒక్క పేరుతో పోయిందని జనం నమ్మారు. తమ వాళ్ళ ధైర్యం ఓడలేదు, తమ వాళ్ళ నమ్మకం ఓడింది అని చెప్పుకోవడానికి వాళ్ళకు ఆ కథ కావలసి వచ్చింది. ఓడిన జనానికి మిగిలే ఆస్తి అదే. దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు.

కోట చిక్కిన తర్వాత జరిగింది మాత్రం కథ కాదు, కళ్ళతో చూసినవాడు రాసిపెట్టాడు. గోల్కొండ సుల్తానుకు అమ్మే ముందు తన ముత్యాలను మీర్ జుమ్లాకు చూపాలని టావెర్నియర్ ఈ కొండెక్కాడు. మీర్ జుమ్లా కొలువు ఎలా తీర్చేవాడో వివరంగా వర్ణించాడు. వట్టికాళ్ళతో కూర్చుని, కాలివేళ్ళ సందుల్లో, ఎడమచేతి వేళ్ళ సందుల్లో కాగితాలు ఇరికించుకుని, ఒక్కొక్కటే తీసి ఇద్దరు రాయసగాళ్ళకు జవాబులు చెబుతుండేవాడు. మధ్యలో నేరస్థుల్ని తెస్తే అక్కడికక్కడే శిక్ష వేసేవాడు. మరో రోజు అయిదు చిన్న సంచుల నిండా వజ్రాలు తెప్పించి టావెర్నియర్‌కు చూపించాడు. ఆ వర్ణనలో కోట మేధావి అయిన ఒక యజమాని చేతిలోని ఖజానా గదిలా ఉంది. పేట ఎక్కడా లేదు.

టావెర్నియర్ పుస్తకంలో చదవగానే గుండె బరువెక్కే మాట మరొకటి ఉంది. మీర్ జుమ్లాకు కొత్త ఫిరంగులు కావలసి వచ్చాయి. నలభై ఎనిమిది పౌన్ల గుండు వేసేవి పది, ఇరవై నాలుగు పౌన్లవి పది. వాటికి రాగి కావాలి. చుట్టుపక్కల గుళ్ళలోని లోహ విగ్రహాలన్నిటినీ ఏరి తెప్పించాడు. పోతపోయడానికి బూర్జ్ పట్నం నుంచి వచ్చిన క్లాడ్ మైలే అనే ఫ్రెంచివాణ్ణి పెట్టాడు. విగ్రహాలు కరిగాయి. ఒక పెద్ద గుడి నుంచి తెచ్చిన ఆరు మాత్రం ఎంత మంట పెట్టినా కరగలేదని, పూజారులు మంత్రం వేశారని మీర్ జుమ్లా వాళ్ళను బెదిరించాడని టావెర్నియర్ అంటాడు. చివరికి మైలే ఒక్క ఫిరంగిని కూడా సరిగా పూర్తి చెయ్యలేదు. ఒకటి పగిలింది, మరొకటి సగంలో ఆగింది. అతను పని వదిలేసి వెళ్ళిపోయాడు.

ఈ ఒక్క సంగతి చాలు, గండికోట పతనం అసలు ఎక్కడ జరిగిందో చెప్పడానికి. తరతరాలుగా స్థపతులు మైనం మీద చెక్కి, పంచలోహాలు పోసి, ఊరు ఊరంతా కలిసి మొక్కి, ఉత్సవాలకు పల్లకీలో ఊరేగించిన మూర్తులు. వాటిని కరిగించి చేయబోయిన ఫిరంగులు పేలనూ లేదు. అటు దేవుడూ మిగల్లేదు, ఇటు ఆయుధమూ దక్కలేదు. మన సీమలో లోహపు పని తెలిసిన చేతులు లేక కాదు, ఆ విగ్రహాలు పోసిన చేతులే ఉన్నాయి. కానీ కొత్త యజమానికి కావలసింది ఆ పని కాదు. ఒక ఊరి నైపుణ్యం దాన్ని ఏలేవాడికి అక్కరకు రాకుండా పోయిన రోజే ఆ ఊరికి చావు మొదలైంది.

మీర్ జుమ్లా ఇక్కడ ఎక్కువ కాలం లేడు. 1655లో సుల్తానుతో చెడింది. అతని కొడుకు మహమ్మద్ అమీన్‌ను సుల్తాను బంధించాడు. మీర్ జుమ్లా ఔరంగజేబు వైపుకు జరిగి, 1656లో ఢిల్లీలో షాజహానుకు వజీరయ్యాడు. గండికోట నుంచి ఎత్తుకుపోగలిగినదంతా ఎత్తుకుపోయాడు, వజ్రాలతో సహా. తర్వాత అస్సాం దండయాత్ర ముగించుకుని వస్తూ 1663లో చనిపోయాడు. గండికోటను గెలిచినవాడికి గండికోట ఒక మజిలీ. గండికోటలో పుట్టినవాళ్ళకు అదే లోకం.

అక్కడి నుంచి నూట యాభై ఏళ్ళ పాటు ఈ ఊరు చేతులు మారుతూ పోయింది. 1687లో గోల్కొండ మొగలుల పరమైంది. వాళ్ళ కింద గండికోట పేరుతో ఒక సర్కారు ఏర్పడింది. కడప పఠాను నవాబులు ఏలారు. మరాఠాలు వచ్చి పోయారు. హైదర్ అలీ పట్టుకున్నాడు. టిప్పు మీద యుద్ధంలో 1791లో కెప్టెన్ లిటిల్ నాయకత్వంలోని ఇంగ్లీషు కంపెనీ దండు స్వాధీనం చేసుకుంది. మరుసటి ఏడు శ్రీరంగపట్నం సంధితో ఈ ప్రాంతం నిజాముకు వెళ్ళింది. 1800లో నిజాము దీన్ని కంపెనీకి దత్తం చేశాడు. ప్రతి మార్పుకూ ఒక కొత్త కిల్లేదారు, ఒక కొత్త శిస్తు, ఒక కొత్త దండు. గోడలు ఎవరికైనా పనికొచ్చాయి కాబట్టి గోడల్ని అందరూ నిలుపుకున్నారు. వాటి లోపల బతికిన మనుషుల్ని నిలుపుకోవాలని ఎవరికీ తోచలేదు. పెమ్మసాని వారు ఎలాంటివారైనా వాళ్ళ చితులూ వాళ్ళ గుళ్ళూ ఈ కొండ మీదే. తర్వాత వచ్చినవాళ్ళకు వేరే ఎక్కడో ఇల్లుంది.

1800లో థామస్ మన్రో దత్తమండలాల కలెక్టరుగా వచ్చాక ఇరవయ్యో ముప్పయ్యో ఏళ్ళలో జరిగిన మార్పు అంతకుముందు యుద్ధాలు చేసినదాని కంటే పెద్దది. ఆయన పాళెగాళ్ళను అణిచేశాడు. రైతు చేతికి పట్టా ఇచ్చి శిస్తు రొక్కంగా కట్టించుకునే పద్ధతి పెట్టాడు. కోటల అవసరం తీరిపోయింది. కచేరీ కడపలో, తాలూకా జమ్మలమడుగులో. వ్యాజ్యం ఉన్నవాడు కొండ దిగి జమ్మలమడుగు పోవాలి. శిస్తు కట్టేవాడు జమ్మలమడుగు పోవాలి. మగ్గం నేసేవాడికి నూలూ కొనుగోలుదారూ జమ్మలమడుగులోనే దొరుకుతారు. ఇరుకు దారిన సరుకు మోసుకుని పైకి రావలసిన కారణం ఒక్కటీ మిగల్లేదు. ఏ దారి ఇరుకు కావడం వల్ల కోటకు బలం వచ్చిందో, ఆ ఇరుకే పేటకు ఉరి అయింది. శత్రువు రాలేనిచోటికి బేరగాడూ రాడు.

ఆ తర్వాత రైలు వచ్చింది. మద్రాసు నుంచి కడప మీదుగా వేసిన లైను 1871లో రాయచూరు దగ్గర బొంబాయి వైపు లైనుతో కలిసింది. అది ఎర్రగుంట్ల, ముద్దనూరు, కొండాపురం మీదుగా పోయింది. గండికోట వైపు చూడనే లేదు. రాజులు వెతుక్కున్న ఎత్తును రైలు తప్పించుకుని పోతుంది. రైలుకు సమతలం కావాలి. ఎర్రగుంట్ల అప్పటిదాకా పెద్ద పేరున్న ఊరు కాదు. రైలు ఆగడం మొదలైంది కాబట్టి పెరిగింది. పక్కనే ప్రొద్దుటూరు పత్తితో, నీలిమందుతో, తర్వాత బంగారంతో పెద్ద బజారైంది. కొండ మీది వ్యాపారమంతా, తెలియకుండానే, తరాల మీద, మెట్టు మెట్టుగా కిందికి దిగివచ్చింది. దండెత్తి ఎవరూ దోచలేదు. అందుకే ఆ దిగుడుకు తేదీ లేదు, కైఫీయతూ లేదు.

గండికోటలో ఈనాటికీ ఒక చిన్న పల్లె ఉంది. గోడల లోపలే ఇళ్ళు, కొట్టాలు, మేకలు. వాళ్ళు ఆ రాళ్ళ మధ్య పుట్టి పెరిగినవాళ్ళు. పురావస్తు శాఖ గుళ్ళనూ మసీదునూ కాపాడుతోంది. ప్రభుత్వం గండికోట ఉత్సవాలు జరుపుతోంది. బయటి నుంచి వచ్చేవాళ్ళు ఏటికేడు పెరుగుతున్నారు. ఇదంతా మంచిదే. చాలా కాలం తర్వాత మళ్ళీ ఆ కొండకు జనం ఎక్కి వస్తున్నారు. కానీ వచ్చినవాళ్ళకు మనం చూపేది లోయను, లోయ మీద పేరును. ధాన్యపు కొట్టు ముందు నిలబడి, ఇక్కడ ధాన్యం ఎవరు కొలిచారు, ఎవరు మోశారు, ఎక్కడికి పోయారు అని చెప్పేవాళ్ళు లేరు. కూలిన గుడిలో విగ్రహం లేదు. ఎందుకు లేదో చెప్పే పలక కూడా ఉంటే బాగుండేది.

ఈ గతాన్ని మనం పూర్తిగా దాటి వచ్చామని అనుకోవడానికి కూడా వీల్లేదు. అదే పెన్న మీద, అదే గండి దగ్గర గాలేరు నగరి పథకంలో గండికోట జలాశయం కట్టారు. 26.85 టీఎంసీల నీళ్ళు. కరువు సీమకు ఆ నీళ్ళ విలువ ఏమిటో ఈ ప్రాంతం వాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ ఆ నీళ్ళ కింద కొండాపురం మండలం ఊళ్ళు పోయాయి. 2020లో నీటిమట్టం పెంచినప్పుడు తాళ్ళప్రొద్దుటూరు ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి. పరిహారం తేలకముందే ఊరు ఖాళీ చేయాల్సి వచ్చిందని జనం రోడ్డు మీద కూర్చున్నారు. గుళ్ళు, మసీదులు, బడి, సంత, శ్మశానం, తరతరాల మట్టి మిద్దెలు, అన్నీ వదిలి పోయారు. గండికోట పేట తరాల మీద కొండ దిగితే, ఈ ఊళ్ళు కొద్ది నెలల్లో గట్టు ఎక్కాయి. వీళ్ళ కోసం కైఫీయతు ఎవరు రాస్తారు? మెకంజీ మనుషులు ఈ కాలంలో లేరు. మన కళాశాలలు ఉన్నాయి, మన ఊళ్ళలో రాయగల బడిపంతుళ్ళు ఉన్నారు, సెల్‌ఫోన్లు ఉన్నాయి. పెద్దవాళ్ళు బతికుండగానే వీధి పేర్లు, సంత రోజులు, ఏ ఇంట్లో ఏ పని జరిగేది అన్నది రాయించి పెట్టడానికి అడ్డేమిటి?

ఎర్రగుంట్లకు ఇది పరాయి కథ కాదు. ఈ రోజు ఇక్కడ బతుకు రాతి మీదా మంట మీదా నడుస్తోంది. నిడుజువ్వి చుట్టుపక్కల నాపరాయి గనులు, పాలిషు ఫ్యాక్టరీలు, చిలంకూరు సిమెంటు, కలమల్ల దగ్గర థర్మల్ పవర్ స్టేషను, వీటన్నిటికీ మధ్య రైలు స్టేషను. 2016లో నంద్యాల లైను కూడా కలిసింది. ఇప్పుడు ఇదే బేరగాడు వచ్చే దారి. కానీ రాయి ఒకనాటికి తరుగుతుంది. బొగ్గు మీద నడిచే కరెంటుకు కాలం చెల్లే రోజు వస్తుందని లోకమంతా చెబుతోంది. ఆ రోజు ఈ ఊరికి కారణం ఏం మిగులుతుంది? గండికోటను అడిగితే జవాబు దొరుకుతుంది. ఒకే యజమాని కోసం, ఒకే సరుకు కోసం, ఒకే దారి మీద బతికిన ఊరు ఆ ఒక్కటి తప్పిపోయిన నాడు నిలబడలేదు.

గండికోటకు గోడలున్నాయి, నీళ్ళున్నాయి, ధాన్యముంది, ఫిరంగులున్నాయి, అందరికంటే ధైర్యమున్న నాయకుడున్నాడు. అన్నీ ఉండి పోయింది. ఎందుకంటే దాన్ని గెలిచిన ప్రతివాడూ కోటను కోరుకున్నాడు, పేటను కోరుకోలేదు. మన ఊళ్ళను ఇవాళ ఏలేవాళ్ళనూ, మన ఊళ్ళలో పెట్టుబడులు పెట్టేవాళ్ళనూ మనం అడగాల్సిన మొదటి ప్రశ్న అదే: మీకు కావలసింది మా రాయా, మా నీళ్ళా, మా దారా, లేక ఇక్కడ బతికే మేమా? దానికి నోటిమాట చాలదు. జవాబు కాగితం మీద తీసుకోవాలి, అందులో ఊరి పేరు సరిగా ఉందో లేదో మనమే చదువుకోవాలి.